హంపీ మంటపానికి ఒక నకలు

హంపీలో విరూపాక్షస్వామి దర్శనం చేసుకున్న వారు, గుడి వెనుక భాగంలో ఉన్న చిన్న చీకటి గదిని చూడకుండా తిరిగి రారు. ఆ గదికి ఒక సన్నని సందు ఉన్నది. అందులోనుంచి వచ్చిన వెలుతురు ఎదుటి గోడమీద పడి, తూర్పు రాజగోపురం తలక్రిందులుగా నిలబడి కనిపిస్తుంది. సుమారు 50 మీటర్ల గోపురం చిన్న బొమ్మయి గోడమీద వ్రేలాడుతూ ఉంటే పిల్లలూ పెద్దలూ నోరు తెరుచుకొని చూస్తారు. కొందరు దానిని స్వామి మహిమ అంటారు. కొందరు శిల్పుల చాతుర్యం అంటారు. ఏదైనా కానివ్వండి, కెమెరా పనిచేసే పద్ధతి కూడా అదే. వెలుతురు సూటిగా నడుస్తుంది. సన్నని రంధ్రంలో దూరి అవతల బొమ్మ గీస్తుంది.

అయితే ఆ నీడ ఒక్కదానిని చూసి గోపురం ఎత్తెంత, ఎంత దూరాన ఉన్నది అంటే ఎవరూ చెప్పలేరు. దగ్గరనున్న చిన్న గోపురమూ, దూరాననున్న పెద్ద గోపురమూ గోడమీద ఒకే కొలతలో పడవచ్చును గదా! అదే గోపురానికి మరొక చోట మరొక రంధ్రం, మరొక నీడ ఉన్నదనుకోండి. రెండు నీడలను పోల్చి, రెండు రంధ్రాల మధ్య దూరం తెలుసుకుంటే, గోపురం ఎక్కడున్నదో, ఎంత ఎత్తో లెక్క కట్టవచ్చును. ఫోటోలతో కట్టడాలను కొలిచే విద్యకు మూలం ఈ రెండో రంధ్రమే. దీనిని ఫోటోగ్రామెట్రీ అంటారు. పేరు బరువుగా ఉన్నా సంగతి తేలిక. మనకు భగవంతుడు రెండు కళ్ళిచ్చినదీ ఇందుకే. ఒక కన్ను మూసుకొని సూదిలో దారం ఎక్కించి చూడండి, తెలుస్తుంది.

ఈ పని కళ్ళారా చూసే భాగ్యం నాకు మా మేనల్లుడి వల్ల కలిగినది. అతడు బెంగుళూరులో సివిల్ ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు బళ్ళారి వచ్చినప్పుడు, "మామయ్యా, ఒక పూట హంపీకి రండి. నాకు టేపు పట్టుకునే మనిషి కావాలి" అన్నాడు. ఇరవై ఏండ్లుగా ఆఫీసులో రిజిస్టర్లు మోస్తున్న చేతులకు టేపు ఒక లెక్కా అనుకొని బయలుదేరాను. ఉదయం రైలులో హోస్పేట చేరి, అక్కడనుంచి బస్సులో హంపీ చేరాము. హోస్పేటనుంచి హంపీ సుమారు 13 కిలోమీటర్లు. 2021లో విజయనగర జిల్లా వేరుపడిన తరువాత హంపీ మా బళ్ళారి జిల్లాలో లేదు కాని, మా ఇండ్లలో మాత్రం ఇంకా "మన హంపీ" అనే అంటాము. కృష్ణదేవరాయలు కన్నడిగులకూ తెలుగువారికీ ఉమ్మడి సొత్తు. ఆయన ఊరూ అంతే.

అతడు హంపీకి వచ్చిన అసలు కారణం వేరు. మా వీధిలో మనవారు తరాల క్రిందట కట్టుకున్న భజనమందిరం ఒకటి ఉన్నది. మట్టి గోడలు, కొయ్య కంబాలు, మిద్దె కప్పు. ముందు పంచ ఒకవైపు ఒరిగినది. పెద్దలు కూర్చొని, మొత్తం పడగొట్టి కొత్తగా కాంక్రీటు హాలు కట్టిద్దామని మాట అనుకున్నారు. పడగొట్టేలోపల దాని రూపమంతా కంప్యూటరులోకి ఎక్కించి దాచాలని మావాడి కోరిక. అంతకు ముందు రాతి కట్టడం మీద చెయ్యి తిప్పుకోవాలని హంపీ వచ్చాడు.

పురావస్తు శాఖవారి అనుమతి లేకుండా అక్కడ కెమెరాకు మూడుకాళ్ళ స్టాండు పెట్టరాదు, డ్రోన్ ఎగురవేయరాదు. అందువల్ల చేతి కెమెరాతో అయ్యే పనే పెట్టుకున్నాము. నది పక్క దారిలో నాలుగు కంబాల చిన్న మంటపం ఒకటి చూసుకున్నాడు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నది. నేను వాన వస్తుందేమో అని దిగులుపడుతుంటే, వాడు సంతోషించాడు. ఎండ కాస్తే నీడలు గట్టిగా పడతాయి, గంటగంటకూ జరుగుతాయి. పొద్దున తీసిన ఫోటోకూ మధ్యాహ్నం తీసిన దానికీ పొంతన కుదరదు. మబ్బు వెలుతురులో రాయి అన్ని వైపులా ఒకే తీరుగా కనిపిస్తుందట.

ముందుగా మంటపం పక్కన నేలమీద ఒక మీటరు కొలబద్ద పెట్టాడు. తరువాత చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక అడుగు వెయ్యడం, ఒక ఫోటో తియ్యడం. ముందు ఫోటోలో కనిపించిన దానిలో ముక్కాలు భాగం తరువాతి ఫోటోలో కూడా కనిపించాలి. ఒక చుట్టు నిలబడి, ఒక చుట్టు వంగి, మరొక చుట్టు చేతులు పైకెత్తి తీశాడు. తరువాత లోపలికి వెళ్ళి కప్పు, కంబాల మీది బొమ్మలు, మూలలు. ఏ చోటైనా కనీసం మూడు ఫోటోలలో పడాలని వాడి నియమం. ఆ దారిన పోతున్న ముసలాయన ఒకడు కాసేపు నిలబడి చూసి, "ఒందే కంబ ఎష్టు సల తెగీతీరి, సార్?" అని అడిగాడు. ఒకే కంబాన్ని ఎన్నిసార్లు తీస్తారు అని! "అదు తిరుగీ హుట్టబేకల్వా, తాతా!" అన్నాడు మావాడు. అది మళ్ళీ పుట్టాలి గదా అని. ముసలాయన నవ్వుకుంటూ వెళ్ళాడు. పని ముగిసేసరికి 240 ఫోటోలు అయినవి. నేను టేపు పట్టుకొని రెండు కంబాల మధ్య దూరం, కంబం ఎత్తు కొలిచి, ఆఫీసు అలవాటు చొప్పున తేదీ, వేళ వేసి పుస్తకంలో వ్రాసుకున్నాను.

ఇక యంత్రం చేసే పని. ఇంటికి వచ్చి ఫోటోలన్నీ లాప్‌టాప్‌లో వేశాడు. మెష్‌రూమ్, కోల్‌మ్యాప్ వంటి సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. కంప్యూటర్ ముందు ప్రతి ఫోటోలోనూ గుర్తులు వెదుకుతుంది. రాతి పెచ్చు ఊడిన మూల, నాచు మచ్చ, ఉలి గాటు - ఇటువంటివి వేలకొద్దీ ఏరుతుంది. ఈ ఫోటోలోని మచ్చా, ఆ ఫోటోలోని మచ్చా ఒకటేనని పోల్చుకుంటుంది. ఆ పోలికలను బట్టి ప్రతి ఫోటో తీసినప్పుడు కెమెరా ఎక్కడ, ఏ వైపు తిరిగి ఉన్నదో లెక్కకడుతుంది. ఆపైన ఒక్కొక్క గుర్తుకూ రెండు మూడు చోట్లనుంచి దారాలు లాగినట్టు చూపు గీతలు లాగి, అవి ఎక్కడ కలుస్తాయో అక్కడ ఒక చుక్క పెడుతుంది. ముందు చుక్కలు పలుచగా, పెసలు చల్లినట్టు ఉంటాయి. తరువాత లక్షలలోకి పెరుగుతాయి. ఆ చుక్కలను చిన్నచిన్న త్రిభుజాలతో అల్లితే పొర ఏర్పడుతుంది. చివరకు ఫోటోలలోని రంగును ఆ పొరకు అద్దుతుంది. రాత్రంతా లాప్‌టాప్ రొద పెడుతూనే ఉన్నది. తెల్లవారి చూస్తే మంటపం మా వంటింటి బల్లమీద నిలబడి ఉన్నది! వేలితో తిప్పితే తిరుగుతున్నది. చూరు అంచున ఆకాశం తెల్లని పెచ్చులుగా అతుక్కొని ఉన్నది. మేము ఎక్కి చూడలేని కప్పుపైన మాత్రం పెద్ద బొక్క. ఫోటో తీయని చోటును యంత్రం ఊహించదు, ఖాళీగా వదిలేస్తుంది. అది నాకు నచ్చినది.

ఒక సంగతి ముఖ్యంగా గమనించాలి. ఫోటోలనుంచి పుట్టిన రూపానికి పోలిక ఉంటుంది గాని పరిమాణం ఉండదు. అది గుడి అయినా, గుడి బొమ్మ అయినా యంత్రానికి ఒకటే. నేలమీద పెట్టిన మీటరు బద్ద చూపించి, "ఇది ఒక మీటరు" అని మనం చెప్పినప్పుడే తక్కిన కొలతలన్నీ నిజమవుతాయి. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన లాంబ్టన్ దొర గొలుసుతో ఒక గీత కొలిచి, ఆ ఒక్క గీత ఆధారంగా కోణాలతో త్రిభుజాలు అల్లుకుంటూ దేశం కొలవడం మొదలుపెట్టాడు. మావాడి మీటరు బద్ద కూడా అటువంటి గీతే. కంబాల మధ్య దూరం నేను టేపుతో కొలిచినదానికీ, కంప్యూటర్ చెప్పినదానికీ ఒక సెంటీమీటరు తేడా కూడా రాలేదు.

ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. 1858లో ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే జర్మను యువకుడు వెట్‌స్లార్ పట్టణంలోని పెద్ద చర్చి కొలతలు తీయడానికి పైకెక్కి, పడిపోబోయి ప్రాణాలు దక్కించుకున్నాడు. ప్రాణం మీదికి తెచ్చుకొని గోడలెక్కే బదులు క్రిందనుంచి ఫోటోలు తీసి కొలవలేమా అన్న ఆలోచన అతడికి అప్పుడు తట్టినదట. ఫోటోగ్రామెట్రీ అనే మాటను 1867లో వాడుకలోకి తెచ్చినవాడూ అతడే. 1885లో బెర్లినులో ఈ పనికే ఒక సర్కారు సంస్థ ఏర్పడినది. అది దశాబ్దాలపాటు కట్టడాలను గాజు పలకలమీద ఎక్కించి దాచినది. రెండవ ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న కట్టడాలను బాగుచేయడానికి ఆ పలకలు అక్కరకు వచ్చినవి.

అటువంటి అక్కర ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు. హంపీ విఠలాలయంలోని రాతి రథాన్ని చూడండి. 50 రూపాయల కొత్త నోటుమీద ఉన్నది అదే. ఆ రథంపైన ఒకప్పుడు ఇటుకల గోపురం ఉండేది. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో దానిని తీసివేశారు. మనకు ఆ సంగతి కళ్ళకు కట్టినట్టు తెలుస్తున్నదంటే, 1856లో మద్రాసు సైన్యంలోని అలెగ్జాండర్ గ్రీన్‌లా హంపీలో మైనపు కాగితాలమీద తీసిన ఫోటోలే కారణం. ఆయన ఒక వైపునుంచి తీసిన ఫోటో ఇంత చెబుతున్నది. చుట్టూ తిరిగి ఇంకా కొన్ని తీసి ఉంటే ఆ ఇటుక గోపురాన్ని ఈనాడు కొలతలతో సహా నిలబెట్టి చూసేవారము గదా అనిపిస్తుంది.

ఆఫ్ఘనిస్థానంలో అటువంటిదే జరిగినది. బామియాన్ కొండలో చెక్కిన రెండు పెద్ద బుద్ధ విగ్రహాలను 2001 మార్చిలో పేల్చివేశారు. పెద్దదాని ఎత్తు సుమారు 55 మీటర్లు. స్విట్జర్లాండులోని జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంవారు 1970లో కొలతల కోసమే ప్రత్యేకంగా తీసి ఉంచిన ఫోటోలు సంపాదించి, పెద్ద విగ్రహం రూపాన్ని కంప్యూటరులో మళ్ళీ కట్టారు. ఆ ఫోటోలు తీసినవారికి ముప్పై ఏండ్ల తరువాత జరగబోయేది తెలుసునా?

అంత దూరం ఎందుకు? మన శ్రీకాళహస్తి రాజగోపురం సంగతి అందరికీ తెలిసినదే. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల గోపురం, 2010 మే 26 రాత్రి కూలిపోయినది. నేను చిన్నతనంలో మా నాయన చెయ్యి పట్టుకొని దాని క్రిందనుంచి నడిచాను. ఇప్పుడు అక్కడ కొత్త గోపురం ఉన్నది. 2017లో కుంభాభిషేకం జరిగినది. దండం పెడతాము, మంచిదే. కాని ఆ పాత రాళ్ళు రావు. హంపీలోనే 2024 మే నెలలో విరూపాక్షుని తేరువీథి పక్కనున్న సాలుమంటపంలో కొంత భాగం వానలకు కూలినది. రాయి కదా, ఎక్కడికి పోతుంది అనుకుంటాము. రాయీ పోతుంది.

నేను గుమాస్తాను. నాకు తెలిసిన భాషలో చెబుతాను. ఆఫీసులో అసలు కాగితం ఉంటుంది, నకలు ఉంటుంది. నకలుకు విలువ ఎప్పుడు? ఎవరు తీశారు, ఏ తేదీన తీశారు, అసలుతో సరిచూసినదెవరు అన్నది దానిమీద ఉన్నప్పుడు. కట్టడం నకలుకూ అంతే. తేదీ, కొలబద్ద, సరిచూసిన టేపు కొలతలు లేని నమూనా చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని సాక్ష్యానికి నిలవదు. రెండవ మాట: నకలు పైపొరకే. గోడ లోపల ఇటుక ఉన్నదో, మట్టి ఉన్నదో, చెదలు ఉన్నదో ఫోటో చెప్పదు. కంబాన్ని తడితే వచ్చే చల్లదనం, గుడిలో నూనె వాసన అందులో లేవు. మూడవది అన్నిటికంటె పెద్ద మాట. నకలు బీరువాలో ఉన్నది గదా అని అసలును చించి పారవేసే గుమాస్తాను ఏ ఆఫీసూ మెచ్చదు.

ఈ మూడవ మాట మా వీధిలోనే ఎదురయినది. హంపీనుంచి వచ్చిన వారం రోజులకు మావాడు భజనమందిరం ఫోటోలు తీశాడు. హంపీ రాయి ఇచ్చినంత సులువుగా మా మందిరం లొంగలేదు. ఏటేటా ఉగాదికి సున్నం కొట్టిన తెల్లని గోడలు! మచ్చ లేని గోడమీద యంత్రానికి పట్టు దొరకదు. మొదటిసారి నమూనాలో గోడలు తడిసిన గోనెపట్టాలలాగా ఉబ్బుతగ్గులుగా వచ్చినవి. అప్పుడు పాత పంచాంగం కాగితాలు చింపి, పిండి జిగురుతో గోడలకు అక్కడక్కడ అంటించి మళ్ళీ తీశాడు. ఆ అచ్చు అక్షరాలను పట్టుకొని గోడలు చక్కగా నిలబడినవి. ఒక అద్దాల పటం మాత్రం ఎంత చేసినా కుదరలేదు. మెరిసే వస్తువు ఒక్కొక్క చోటునుంచి ఒక్కొక్క తీరుగా కనిపిస్తుంది గనుక యంత్రం దానిని నమ్మలేదు. దానిని క్రిందికి దింపించి తీశాడు.

ఒక శనివారం భజన తరువాత దానిని పెద్దలకు గోడమీద వేసి చూపించాము. తొంభైకి దగ్గరపడిన మా పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకొని, "ఒరే, గూట్లో దీపం మసి కూడా వచ్చిందిరా!" అన్నది. పెళ్ళయి ఈ వీధికి వచ్చిన నాటినుంచి ఆ గూట్లో సాయంకాలం దీపం పెట్టినది ఆమే. అందరూ సంతోషించారు. అప్పుడు ఒక పెద్దాయన, "అయితే ఇంకేం, రూపం దక్కింది గదా. రేపే కూలీలను పిలవవచ్చు" అన్నాడు. ఆయన మాటలో చెడుతనం లేదు. వానాకాలం వస్తున్నది, పిల్లలు ఆ పంచ క్రింద ఆడుకుంటారు, ఏదైనా జరిగితే బాధ్యులెవరు అని ఆయన భయం. కాని మాకు గుండెలో రాయి పడినది. దాచడానికి తెచ్చిన సాధనమే పడగొట్టడానికి వీలు కల్పిస్తున్నదే అనిపించినది.

మావాడు తొందరపడి ఎదురు చెప్పలేదు. నమూనాను కత్తితో కోసినట్టు నిలువుగా కోసి, పక్కనుంచి చూపించాడు. ముందు పంచ గోడ పైభాగాన నాలుగు వేళ్ళ మేర బయటికి ఒరిగి ఉన్నది. లోపలి హాలు గోడలు, గర్భగుడి గోడలు గుండు దారం పట్టినట్టు నిట్టనిలువుగా ఉన్నవి. "తాతగారూ, నేను చదువుకుంటున్నవాణ్ణి. నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. అనుభవమున్న ఇంజనీరును పిలిపించి గోడ లోపల ఏమున్నదో చూపించండి. తరువాత మీ ఇష్టం" అన్నాడు. మరుసటి వారం ఒక ఇంజనీరు వచ్చి, గుండు దారం వేసి, గోడలను తట్టి, కంబాల మొదళ్ళు తవ్వి చూశారు. పంచ దక్కదన్నారు. రెండు కంబాలకు చెదలు పట్టినది. తక్కినది బాగు చేసుకుంటే నిలుస్తుందన్నారు.

పంచ పోయినది. దాని కొయ్య బోదెలలో గట్టివి ఏరి, నమూనాలోని కొలతలు చూసి, వడ్లవాడు కొత్త పంచకు అదే తీరున అమర్చాడు. లోపలి హాలూ, పెద్దమ్మ దీపం గూడూ ఉన్నచోటనే ఉన్నవి. పంచలో కూర్చొని ఏండ్ల తరబడి చీట్లపేక ఆడిన ముసలివారికి మాత్రం కొత్త అరుగు ఎత్తు కుదరలేదట. కాళ్ళు నేలకు ఆనడం లేదని రోజూ అంటారు. పాత అరుగు ఎత్తు ఎంతో నమూనాలో ఉన్నది. వచ్చే నెల మేస్త్రీని పిలిచి సరిచేయిస్తారట.

మనవారు వెళ్ళిన చోటల్లా సత్రమో, రామమందిరమో, పది మంది కూర్చునే అరుగో కట్టుకున్నారు. అవి పురావస్తు శాఖవారి పట్టికలలో ఉండవు. హంపీకి ప్రభుత్వమున్నది, శాస్త్రజ్ఞులున్నారు, 1986నుంచి ప్రపంచ వారసత్వ స్థలమన్న పేరున్నది. మన మందిరానికి మనమే ఉన్నాము. మీ ఊళ్ళో అటువంటిది ఉంటే, మబ్బు పట్టిన ఉదయం ఒకటి చూసి, చుట్టూ మూడుసార్లు తిరగండి. నేలమీద ఒక మీటరు బద్ద పెట్టండి. సెల్‌ఫోను అయినా చాలును. నమూనా చేసే తీరిక ఇప్పుడు లేకపోతే ఫోటోలు మాత్రం తేదీ వేసి రెండు చోట్ల దాచండి. తరువాత ఎవరైనా పిల్లవాడు చేస్తాడు. దానితోపాటు అసలు గోడకు ఏడాదికొకసారి సున్నం కొట్టించడం, కప్పుమీద మొలిచిన రావి మొక్కను పీకించడం కూడా మరువవద్దు.